కమ్ముల యతుకులు, భూకంపములు

చిత్తూరుజిల్లాలోని ఐరాలయందును, దాని చుట్టుప్రక్కల పల్లెలయందును నేడు లేచుచున్న యిండ్లను చూడుడు. పూర్వపు మట్టిమిద్దెలును, పెంకుటిండ్లును క్రమముగా తొలగి, వాని స్థానమున సిమెంటు కాంక్రీటు ఇండ్లు వచ్చుచున్నవి. ఈ క్రొత్త యిండ్లలో పెక్కింటికి మిద్దెమీద మూలమూలలను ఇనుపకమ్ములు అడుగో రెండడుగులో పైకి పొడుచుకొని నిలిచియుండును. కూతురి పెండ్లి యైన పిదపనో, కుమారునకు ఉద్యోగము దొరకిన పిదపనో పై యంతస్తు లేపవచ్చునను నాశతో యజమాని వానిని వదలియుంచును. అవి వానకు తడిసి, ఎండకు కాగి, త్రుప్పుపట్టి, పదియేండ్లో పదునైదేండ్లో వేచియుండును. కడకు డబ్బు కూడును; మేస్త్రీ వచ్చును. అప్పుడు పాతకమ్మికి క్రొత్తకమ్మిని కలుపు టెట్లు? పొడుచుకొనియున్న ముక్క పొట్టిది. పట్టణమునుండి వెల్డింగు యంత్రమును తెప్పించి, మిద్దెమట్టమునకు సరిగా, రెంటిని అతికించుటయే సులభోపాయముగా తోచును.

చూచుటకిది చిన్న సంగతి. కాని కమ్మిని కమ్మితో కలుపు నీ ప్రశ్నకు పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్రలో వేలకొలది ప్రాణములు పోయినవి.

ఇనుమును ఇనుముతో అతుకుట మన కమ్మరులకు క్రొత్తవిద్య కాదు. ఎద్దులబండి చక్రమునకు ఇనుపపట్టా వేయుట చూచిన పెద్దలు మనలో నింకను నున్నారు. పట్టా కొనలు రెంటిని కొలిమిలో తెల్లగా మెఱయువఱకు కాచి, దాగలిమీద ఒకదానిపై నొకటి నుంచి, ఇరువురు సమ్మెటలతో మోదినచో అవి ఏకమైపోయెడివి. కాక చాలకున్న అతుకు పట్టదు. మితిమీరిన ఇనుము మాడిపోవును. కాక యెంత యైనదో తెలుపుటకు కమ్మరికి కన్ను తప్ప వేఱు సాధనము లేదు. ఢిల్లీలో కుతుబ్‌మీనారు చెంత నిలిచియున్న ఇనుపస్తంభము సుమారు 1,600 ఏండ్ల నాటిది. బరువు ఆఱు టన్నులకు మించును. అది పోతపోసినది కాదు. ఇనుపముద్దలను వేడిమీద ఒకదానికొకటి అతికి పెంచినది. 13వ శతాబ్దమున గాంగవంశపు నరసింహదేవుడు కట్టించిన కోణార్క దేవాలయమున 35 అడుగుల పొడవువఱకు గల ఇనుపదూలములు దొరకినవి. అవియు చిన్న ముద్దల యతుకులే. వానిని పరీక్షించినవారికి లోపల ముద్దకును ముద్దకును నడుమ పూర్తిగా కలియక మిగిలిన సందులు కానవచ్చినవి. పైకి ఒక్కటిగా కనబడుట వేఱు, లోపల ఒక్కటియగుట వేఱు.

కమ్మరులు మఱియొక రహస్యమును గూడ ఎఱుగుదురు. మెత్తని ఇనుము అతుకున కొప్పును. కఱకు ఉక్కు అంత సులభముగా నొప్పదు. తెలంగాణములో నిజామాబాదు ప్రాంతమునగల కోనసముద్రము ఉక్కునకు పేరుపొందిన యూరు. అచటి మూసలలో కరగిన ఉక్కు పారసీక వర్తకుల చేతులమీదుగా పడమటి దేశములకు పోయి కత్తులైనది. హెన్రీ వాయిసీ అను నింగ్లీషు శాస్త్రజ్ఞుడు ఆ పరిశ్రమను గూర్చి వ్రాసిన వ్యాసము 1832లో ప్రకటింపబడెను. ఆ జాతి ఉక్కులో బొగ్గుపదార్థము, అనగా కార్బను, నూటికి ఒకటిన్నర పాలు వఱకు ఉండును. బండిపట్టా యినుములో అది యించుమించు లేదనియే చెప్పవచ్చును. ఎంత బొగ్గు చేరిన అంత కాఠిన్యము. ఎంత కాఠిన్యము హెచ్చిన అతుకునొద్ద అంత పెళుసుదనము. నేటి వెల్డింగు శాస్త్రమున కిదియే పునాది. ఒకదానిని పదునుకును, వేఱొకదానిని పట్టాకును ఏర్పఱచుకొన్న మన కమ్మరి దీనిని లెక్కలు లేకయే గ్రహించియుండెను. మన విద్యలలో అవమానమునకు గుఱియైన వానిలో నిది యొకటి యని నా యభిప్రాయము.

ఇక ఇనుము కాంక్రీటులోనికి వచ్చిన వృత్తాంతము. రాయి, ఇటుక, కాంక్రీటు బరువు మోయుటలో శూరములు. లాగుడును మాత్రము సహింపజాలవు. అప్పటి చిత్తూరుజిల్లాలో చేరియున్న శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము దాదాపు ఐదువందల యేండ్లు నిలిచి, 2010 మే 26న నిలువున చీలి కూలిపోయినది. అది భూకంపమువలన కాదు. కాని ఒకసారి పుట్టిన చీలికను పట్టి నిలుపు నరములు రాతికిని ఇటుకకును లేవని చూపుటకు మన కండ్లయెదుట జరిగిన దృష్టాంతమది. కాంక్రీటునకు నరములు కూర్చినవారిలో మొదటివాడుగా ఫ్రాన్సుదేశపు తోటమాలి జోసెఫ్ మోనియే పేరు చెప్పుదురు. అతడు 1867లో పూలతొట్లకై తీగెలల్లిన సిమెంటునకు పేటెంటు పొందెను. ఆ దేశమువాడే యగు ఎన్నెబిక్ 1892లో దూలములకు నిలువుకమ్ములతోపాటు రింగులను గూడ చేర్చి, ఒక సంపూర్ణమైన పద్ధతిని నిర్మించెను. అమెరికాలో ఎర్నెస్టు రాన్సమ్ 1884లో చదరపు కడ్డీని చల్లగానే మెలిత్రిప్పి వాడుకలోనికి తెచ్చెను. మెలి యుండుటచే కాంక్రీటు దానిని జాఱనీయక గట్టిగా పట్టుకొనును.

ఆ పట్టుదలయే మొదటి యతుకు. రెండు కమ్ములను ప్రక్కప్రక్కన కొంతదూరము చేర్చియుంచిన, నడుమనున్న కాంక్రీటు ఒక కమ్మిలోని లాగుడును రెండవదానికి అందించును. కట్టుతీగతో చుట్టుట కమ్ములు కదలకుండుటకే గాని బలమునకు గాదు. దీనినే మేస్త్రీలు ల్యాపు అందురు. ఇందు నిప్పు లేదు, యంత్రము లేదు. పొడవు మాత్రము కావలయును. ఆ పొడవునకు ఇనుము ఖర్చగును. కావుననే మనుష్యులు వేఱుపాయములను వెదకిరి.

భూకంపము ఈ క్రొత్త కట్టడములను త్వరలోనే పరీక్షించెను. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతము కదలినప్పుడు, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు మ్యూజియములో రాన్సమ్ పద్ధతిని కట్టిన నడిమి భాగము నిలిచెను. ఇటుకతో కట్టిన ప్రక్కభాగములు కూలెను. 1923 సెప్టెంబరు 1న టోక్యోప్రాంతము లక్షమందికి పైగా ప్రజలను కోల్పోయినది. అంతకు మూడునెలలకు ముందు పూర్తియైన ఇండస్ట్రియల్ బ్యాంకు భవనము మాత్రము ఇంచుమించు చెక్కుచెదరక నిలిచెను. దానిని లెక్కకట్టినవాడు నైతో అను ఆచార్యుడు. ఉక్కుచట్రమును కాంక్రీటులో పొదిగి కట్టించెను. మన ఉపఖండమున బెలూచిస్థానములో 1931లో వచ్చిన మాచ్ భూకంపము తరువాత, యస్. ఎల్. కుమార్ అను రైల్వే యింజనీరు, నేల యూపును లెక్కలోనికి తీసికొని క్వెట్టాలో రైల్వే క్వార్టర్సు కట్టించెను. 1935 మే 31న క్వెట్టా పట్టణము నేలమట్టమై వేలకొలది జనులు మరణించినప్పుడు ఆ క్వార్టర్సు నిలిచినవి. భారతదేశమునకు మొట్టమొదటి భూకంప ప్రమాదపటమును గీసినవాడును ఆ కుమారే. ఇట్టివాని పేరు మన పాఠ్యపుస్తకములలో కానరాకపోవుట విచారకరము.

ఇంతలో విద్యుత్తుతో అతుకు విద్య పుట్టినది. రష్యాలో బెనార్దోస్ 1880 ప్రాంతములయందు బొగ్గుకడ్డీకిని లోహమునకును నడుమ మెఱుపును పుట్టించి అతుకుట చూపెను. స్వీడనువాడగు ఆస్కార్ చెల్‌బెర్గ్ 1907 ప్రాంతమున, మందుపూత పూసిన కడ్డీని కనిపెట్టెను. ఆ పూత కాలి పొగయై, కరగిన లోహమును గాలి సోకకుండ కాపాడును. నేడు మన గ్రామములలో కిటికీలకును గేట్లకును వెల్డింగు చేయువాడు పట్టుకొను కడ్డీ దాని సంతతియే. ఈ విద్య ఓడలు కట్టుచోట, వంతెనలు కట్టుచోట ప్రవేశించి, తరువాత కాంక్రీటు కమ్ములవద్దకును వచ్చినది. అందు మూడు ప్రయోజనములు కనబడినవి: ల్యాపునకు కావలసిన ఇనుము మిగులును, కమ్ములు క్రిక్కిఱిసిన స్తంభములలో చోటు మిగులును, కార్ఖానాలో పోతపోసిన దూలములను స్తంభములను తెచ్చి కట్టుచోటనే కూర్చుటకు వీలగును.

ఈ మూడవ ప్రయోజనమును సోవియట్ దేశము బహువిరివిగా వాడుకొన్నది. ఆర్మీనియాలోని లెనినాకన్ పట్టణమున స్తంభములు, దూలములు ముందుగా పోతపోసి, వాని కొనలనుండి వెలువడిన కమ్ములను కట్టుచోట వెల్డుచేసి, ఆ కీళ్లను పిదప కాంక్రీటుతో నింపి, తొమ్మిదంతస్తుల యిండ్లను వరుసలుగా నిలిపిరి. 1988 డిసెంబరు 7న పగటివేళ స్పితాక్ ప్రాంతమున భూమి కదలినది. ఆ దేశమున 25,000 మంది చనిపోయిరి. లెనినాకన్‌లో నట్టి చట్రపు ఇండ్లు 133 ఉండగా 72 కూలిపోయినవి. మిగిలినవానిలో నధికభాగమును పడగొట్టవలసివచ్చెను. శిథిలములను పరిశీలించినవారికి ఒకే సంగతి మరల మరల కానవచ్చెను: దూలము దూలముగనే యున్నది, స్తంభము స్తంభముగనే యున్నది, విడిపోయినది కీలు. కీళ్లయొద్ద రింగులు పలుచగా నుండెను, నింపిన కాంక్రీటు బలహీనముగా నుండెను, వెల్డుచేసిన కమ్ములు సాగక పుటుక్కున తెగెను. అదే పట్టణమున పెద్ద కాంక్రీటు పలకలను గోడలుగా కూర్చిన ఇండ్లు నిలిచినవి. అతుకులు వానిలోను కలవు. కాని గోడలన్నియు బరువును పంచుకొనుటచే, ఏ ఒక్క యతుకుమీదను ఇంటి ప్రాణమంతయు ఆనుకొనియుండలేదు.

ఇక్కడ ఒకమాట చెప్పవలసియున్నది. భూకంపమును తట్టుకొను ఇల్లనగా కదలని యిల్లు కాదు. అది ఊగవలయును, వంగవలయును, అవసరమైనచో పగుళ్లు పట్టవలయును. లోపలి కమ్ములు మాత్రము తెగక సాగవలయును. గాలికి వెదురు వంగి మరల లేచును, ఎండుకట్టె విఱుగును. ఆ సాగుడు ఎక్కువగా జరుగుచోటు దూలము స్తంభమును కలియు మూల, స్తంభపు అడుగు, స్తంభపు తల. వెల్డింగు చేసినచోట లోహము కరగి గట్టిపడును. దాని కిరుప్రక్కల వ్రేలెడు మేర ఇనుము కాగి, తన తొలిగుణమును కోల్పోవును. సాగవలసినచోట సాగని ముడి పడినదన్నమాట. ఐరాల మండలములోని కాణిపాకమున ప్రవహించు బాహుదానదిలో మునిగిన లిఖితునకు తెగిన చేతులు మరల వచ్చినవని స్థలపురాణము. ఆ చేతులు మొలచినవని చెప్పుదురు గాని అతికినవని చెప్పరు. పురాణకర్తలు ఇంజనీరులు కారు గాని, ఆ భేదము మాత్రము వారికి తెలిసినట్లున్నది.

జపానువారు యుద్ధానంతరము కమ్ములకు మఱియొక పద్ధతిని వ్యాపింపజేసిరి. రెండు కమ్ముల కొనలను ఎదురెదురుగా చేర్చి, గ్యాసుమంటతో కాచి, రెండువైపులనుండి నొక్కుదురు. లోహము కరగదు, మెత్తబడి, ఉబ్బి, ఏకమగును. ఆలోచించిచూడ ఇది మన కమ్మరి బండిపట్టా అతుకే. సమ్మెటకు బదులు యంత్రము నొక్కును. పనివాండ్రకు పరీక్షలు పెట్టి, అతుకులను శోధించి, జాగ్రత్తగా నడపిన విద్య యది. అయినను 1995 జనవరి 17న కోబే భూకంపమున 6,400 మందికి పైగా మరణించినప్పుడు, హన్షిన్ అను ఎత్తుమార్గము 635 మీటర్ల పొడవున 18 స్తంభములతో ఒకప్రక్కకు ఒరిగి పడిపోయినది. విఱిగిన స్తంభములలో ఈ గ్యాసు అతుకులవద్ద తెగిన కమ్ములు పెక్కు కనబడినవి. అతుకు ఒక్కటే దోషి కాదు. రింగులు చాలకుండెను, నిలువుకమ్ములలో కొన్నిటిని స్తంభపు మధ్యనే ఆపివేసిరి. కాని బలము తక్కువైనచోట మొదట తెగునది అతుకే యని తేలినది. సరిగా దానికి ఏడాది ముందు, 1994లో అదే తేదీన, అమెరికాలోని లాస్‌ఏంజిలీస్ చెంత నార్త్‌రిడ్జిలో ఉక్కుచట్రపు భవనములు పైకి నిక్షేపముగా నిలిచియు, గోడలు విప్పి చూడగా దూలము స్తంభమును కలియు వెల్డులవద్ద చీలియుండెను. ఉక్కుకట్టడములే భూకంపమునకు భయపడవని అంతవఱకు నమ్మినవారు నివ్వెఱపడిరి.

మన కమ్ముల సంగతి యేమి? మన దేశమున తొలుత వాడినది నున్నని మెత్తయినుప కమ్మి. దానిలో కార్బను తక్కువ. అది వెల్డింగునకు మంచిది. 1960 తరువాత, చల్లగా మెలిత్రిప్పిన కమ్ములు వచ్చినవి. వాని బలము మెలివలన వచ్చినది; కాచినచో ఆ బలము సడలిపోవును. నేడు అందఱును వాడు టి.యం.టి. కమ్మి ఇంకొక తీరు. ఎఱ్ఱగా కాలిన కమ్మి యంత్రమునుండి వెలువడగనే దానిపై నీళ్లు చిమ్ముదురు. పైపొర గట్టిపడును, లోపలి వేడి మరల వెలికివచ్చి ఆ పొరను కొంత మెత్తబఱచును. పైన గట్టి తోలు, లోపల సాగు గుజ్జు, చెఱకుగడ వంటి యేర్పాటు. 1971లో శంకుస్థాపనమై, 1992లో జాతికి అంకితమైన విశాఖపట్టణపు ఉక్కు కార్ఖానా ఈ కమ్ములను తయారుచేయుటలో ప్రసిద్ధి పొందినది. ఇట్టి కమ్మికి వెల్డింగు మంట మితిమీరి తగిలిన, బలమునకు మూలమైన ఆ తోలే చెడును. వెల్డింగున కొప్పుటకు మన ప్రమాణగ్రంథము ఐ.యస్. 1786 ఒక లెక్క చెప్పుచున్నది: కార్బనుతోపాటు మాంగనీసు మొదలగువానిని గూడ ఒక సూత్రప్రకారము కూడి, మామూలు కమ్మికి ఆ మొత్తము నూటికి 0.42 మించరాదు. పేరున్న కార్ఖానా కమ్మికి ఆ లెక్క పరీక్షాపత్రములో దొరకును. పాతయినుమును కరగించి చిన్న మిల్లులలో సాగదీసిన కమ్మికి దానిని అడుగువారెవరు? చెప్పువారెవరు? పదునైదేండ్లనాడు మిద్దెపై వదలిన కమ్మి ఏ మిల్లుదో యజమానికే జ్ఞాపకముండదు.

మన సీమకు భూకంపములు రావుగదా యని కొందఱనవచ్చును. 2002లో సవరింపబడిన ప్రమాదపటమున రాయలసీమలో అధికభాగము తక్కువ ప్రమాదముగల రెండవ జోనులో చేర్చబడిన మాట నిజమే. కాని 1967లో ఒంగోలు కదలెను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము కదలెను. 2024 డిసెంబరు 4న ములుగుప్రాంతమున వచ్చిన 5.3 ప్రమాణపు భూకంపము తెలంగాణమంతట తెలిసినది. మహారాష్ట్రములోని కిల్లారి అప్పటి పటములో అన్నిటికన్న తక్కువ ప్రమాదముగల మొదటి జోనులో నుండెను. 1993 సెప్టెంబరు 30న తెల్లవారకముందే అచట దాదాపు 8,000 మంది ఇండ్ల క్రింద పడి చచ్చిరి. 2002 పటమున మొదటి జోను అను పేరే లేకుండ తీసివేసిరి. 2001 జనవరి 26న భుజ్ కదలినప్పుడు, రెండువందల కిలోమీటర్లకు దూరమున నున్న అహమ్మదాబాదులో కాంక్రీటు మేడలు కూలినవి. పటములోని రంగు ఇంటికి కవచము కాదు.

వెల్డింగును ఎల్లయెడల నిషేధింపవలెనని నా మాట కాదు. మెత్తయినుప కమ్ములకును, మెలికమ్ములకును వెల్డింగు చేయు విధానములను మన ప్రమాణసంస్థయే గ్రంథములుగా ప్రకటించినది. కమ్మి గుణము తెలిసి, పొడిగా నుంచిన కడ్డీతో, పరీక్షలో నెగ్గిన పనివాడు చేసిన అతుకు కమ్మియంత బలముగా నుండవచ్చును. ప్రశ్న ఎచ్చట అతుకుట యనునదియే. భూకంపములకు సంబంధించిన ఐ.యస్. 13920, 1993లో వెలువడి, 2016లో సవరింపబడినది. దాని ప్రకారము దూలములో, స్తంభపు ముఖమునుండి దూలపు లోతునకు రెండురెట్ల దూరములోపల వెల్డుచేసిన అతుకు ఉండరాదు. కమ్మి సాగగల ఏ చోటనైనను ఉండరాదు. ఒకేచోట సగమునకు మించిన కమ్ములను అతుకరాదు. రింగులను స్తంభపు నిలువుకమ్ములకు వెల్డుచేయనేరాదు. ఈ కడపటి నియమము గమనింపదగినది. కట్టుతీగ చుట్టుటకు బద్ధకించి రింగునకొక చుక్క వెల్డు పెట్టు పనివాడు తాను పని గట్టిపఱచితిననుకొనును. నిజమునకు కమ్మిమీద గాటు పెట్టినాడు. రింగుల కొనలను 135 డిగ్రీలు వంచి లోపలికి దిగునట్లు కొక్కెము చేయవలెను. చతురముగా మడచి విడిచిన రింగు ఊపునకు విచ్చుకొనును.

ఇక స్తంభములలో ల్యాపు ఎచ్చటనుండవలెను? అంతస్తు ఎత్తులో నడిమి సగమున మాత్రమే. మిద్దెమట్టమున కాదు. పదియడుగుల అంతస్తులో నడిమి సగమనగా రెండున్నర అడుగులనుండి ఏడున్నర అడుగులవఱకు. 415 తరగతి కమ్మిని ఎం-20 కాంక్రీటులో వాడినచో ల్యాపు పొడవు కమ్మిలావునకు దాదాపు 47 రెట్లు కావలయును. 16 మిల్లీమీటర్ల కమ్మికి రమారమి 75 సెంటీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు. ఈ రెంటిని కూడిన, రాబోవు అంతస్తుకొఱకు వదలవలసిన కమ్మి మిద్దెపైన ఐదడుగులు. మన యూళ్లలో వదలునది ఒకటి, రెండు. ఆ కొఱత తీర్చుటకే వెల్డింగు యంత్రము వచ్చుచున్నది. అదియు స్తంభపు అడుగున, అనగా భూకంపము లాగుడెల్ల పెట్టుచోట. ఇదివఱకే పొట్టిగా వదలినవారికి మరచుట్ల కప్లరు అను సాధనము కలదు. దానికి 2014లో ఐ.యస్. 16172 అను ప్రమాణము వచ్చినది. నిప్పు లేకయే అది కమ్ములను కలుపును. కాని దానినైనను ఎక్కడ బిగింపవలెనో, త్రుప్పు తిన్న పాతకమ్మి అందుకు పనికివచ్చునో లేదో, ఇంజనీరు కమ్మిని గీకి చూచి చెప్పవలసినదే.

ఇప్పుడు పునాది తీయువారికి లెక్క మిక్కిలి సులభము. నాలుగు కమ్ముల స్తంభమునకు రెండడుగులకు బదులు ఐదడుగులు వదలిన, అదనముగా పట్టు ఇనుము ఆఱు కిలోలలోపు. దానిపై పలుచని కాంక్రీటు కప్పు పోసి త్రుప్పునుండి కాపాడుటకు ఒక పూట పని.